శాసనములలోని చిక్కుమాటలు

తెలుగుదేశమున దేవాలయ ప్రాంగణములందును, చెరువుకట్టలపైనను, పొలిమేరలందును శాసనశిలలు నిలిచియున్నవి. పెక్కింటిపై సూర్యచంద్రులు, క్రింద సులభముగా బోధపడని అక్షరపంక్తులు కానవచ్చును. చూచినవారిలో కొందరు నమస్కరించి పోవుదురు. మరికొందరు అందు ధనము జాడ దాగియున్నదని భ్రమించి, రాత్రివేళ గునపములతో వచ్చి శిలను పెకలింతురు. ఈ భ్రమకు ‘నిధి’ యను పదము కొంత కారణము. శాసనములలో ఆ పదము ముఖ్యముగా రెండు సందర్భముల వచ్చును.

మొదటిది కాలనిర్ణయము. పూర్వులు అంకెలకు బదులుగా వస్తువుల పేర్లు వాడుట కలదు. దీనిని భూతసంఖ్య యందురు. శశి 1, నేత్రములు 2, అగ్నులు 3, వేదములు 4, బాణములు 5, ఋతువులు 6, గిరులు 7, వసువులు 8, నిధులు 9, గగనము 0. కుబేరుని నవనిధులనుబట్టి నిధి తొమ్మిదైనది. ఈ అంకెలను కుడినుండి యెడమకు పేర్చవలెను.

హనుమకొండ వేయిస్తంభముల గుడిలోని కాకతీయ రుద్రదేవుని శాసనము శకవర్షము 1084 నాటిది. ఆ సంవత్సరమును ఈ పద్ధతిని చెప్పవలెనన్న ‘వేద వసు గగన శశి’ యనవలెను. ఉన్నవరుసను వ్రాసిన 4801. త్రిప్పి చదివిన 1084. శకవర్షమునకు 78 కలిపిన క్రీస్తుశక మేర్పడును. జనవరి వచ్చిన పిదపటి దినములకు 79 కలపవలెను. ఈ శాసనము మాఘమాసపుది గనుక క్రీ.శ. 1163 అగుచున్నది.

రెండవది భూదానము. నిధి, నిక్షేపము, జలము, పాషాణము, అక్షీణి, ఆగామి, సిద్ధము, సాధ్యము అనునవి అష్టభోగములు. భూమిలో ధనమున్నదని దీని యర్థము కాదు. ఎన్నడైన దొరకినచో అది గ్రహీతకు చెందునని మాత్రమే. క్రయదస్తావేజులలో ‘అష్టభోగ తేజస్స్వామ్యములు’ అని వ్రాయుట రైతులెరిగినదే. అట్లు వ్రాసిన ప్రతి పొలమునను లంకెబిందెలుండవు గదా! ఇక సూర్యచంద్రుల బొమ్మలకు, వారున్నంతకాలము దానము చెల్లవలెనని భావము.

శిల పగిలినచో దాత పేరు, చెరువు త్రవ్వించిన కాలము, పొలముల యెల్లలు ఒక్కసారిగా నశించును. నిజముగా ధనమే దొరకినను, దొరకినంతమాత్రమున అది త్రవ్వినవాని సొత్తు కాదు. 10 రూపాయలకు మించిన నిధిని కలెక్టరునకు తెలియజేయవలెనని 1878 నాటి చట్టము విధించినది. భక్తితో పూసిన సున్నము సైతము అక్షరములను పూడ్చివేయును.

శిలపై తడికాగితము నద్ది, మసి పూసి అచ్చు తీయుట శాసనపరిశోధకుల పద్ధతి. వారిచే తీయించిన అచ్చు ఒకటి గ్రంథాలయమున భద్రపరచినయెడల, ఎండకు వానకు అక్షరములరిగినను గ్రామచరిత్ర నిలుచును. ఇట్టి శిల యేయూర నున్నదో ఆ యూరివారే దానికి కాపరులు.