ఆకులో నీలం

జనగామలో మా మామ ఇచ్చిన పాలకొడిశ ముక్కతో పెన్ను చేద్దామనుకున్నాను. ఇప్పటి పద్ధతేమో కర్రను బాగా ఆరబెట్టి, రంగు కలిపిన రెజిన్‌లో ముంచి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలి లాగేసి, రెజిన్ పీల్చుకున్నాక ఓవెన్‌లో గట్టిపరచడం.

ఇదే చెట్టు ఏటికొప్పాక బొమ్మల అంకుడు. అక్కడ రంగు లోపలికి దిగదు. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పైనే పట్టుకుంటుంది.

అసలు తమాషా వేరే ఉంది. 1793లో కలకత్తా వెళ్లకముందు సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్, ఈ చెట్టు ఆకుల నుంచి నీలిమందు తీయొచ్చని రాశాడు. శాస్త్రీయ నామంలోని 'టింక్టోరియా' అంటే అద్దకానికి పనికొచ్చేదని. కర్రకు గిరాకీ మిగిలింది, ఆకు ఊసే పోయింది. నేనూ అంతే, సీసాలో కొన్న నీలమే పట్టించాను.

పెన్ను చూసి మామ అడిగాడు: "గింత తెల్లటి కర్రకు రంగెందుకు రా?"