ఉత్తర ఐర్లండ్ సంఘర్షణ: మరణాల నమోదు, విశ్లేషణ

ఉత్తర ఐర్లండ్‌లో 1960ల చివర మొదలై, 1998 ఏప్రిల్ 10 నాటి గుడ్ ఫ్రైడే ఒప్పందం దాకా సాగిన హింసాకాండను అక్కడివాళ్లు ‘ట్రబుల్స్’ అంటారు. ఐర్లండ్‌తో కలవాలనే రిపబ్లికన్ సాయుధ దళాలు, బ్రిటన్‌తోనే ఉండాలనే లాయలిస్టు దళాలు, బ్రిటిష్ సైన్యం, పోలీసులు ఇందులో భాగస్వాములు. సుమారు 15 లక్షల జనాభా ఉన్న ఆ చిన్న ప్రాంతం కేంద్రంగా 3,500 మందికి పైగా చనిపోయారు. ఇంతకాలం నడిచిన సంఘర్షణలో మృతులను ఒక్కొక్కరిగా, పేరు పేరునా నమోదు చేయగలగడం ప్రపంచంలో అరుదు. పోలీసులు తమ లెక్కలు తాము ఉంచుకున్నా, ఈ పని ప్రధానంగా కొందరు రచయితలు, పాత్రికేయులు, పరిశోధకులు సొంత పూనికతో చేసినది.

వారిలో ముందువాడు మైకేల్ మెక్‌కియోన్. హత్యలు తారస్థాయికి చేరుతున్న 1972లోనే ఆయన మొదటి అయిదువందల మరణాలను విశ్లేషిస్తూ ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. లెక్క అక్కడితో ఆపలేదు. 1969 జూలై నుంచి 1989 జూలై వరకు ఇరవై ఏళ్ల మృతుల సంఖ్య 2,763ను అక్షరాల్లో రాసి, దాన్నే మరో పుస్తకానికి పేరుగా పెట్టాడు. హింస సాగుతుండగానే, ఇరుపక్షాలూ తమ మృతులనే తలుచుకుంటున్న రోజుల్లో, అందరినీ ఒకే పట్టికలోకి తేవడం చిన్న సాహసం కాదు.

1994లో బెల్‌ఫాస్ట్ నుంచి వెలువడిన మాల్కం సటన్ సూచిక ఈ పనికి శాస్త్రీయమైన రూపం ఇచ్చింది. 1969 జూలై 14 మొదలు ప్రతి మరణానికీ తేదీ, స్థలం, మృతుడి వయసు, అతడు పౌరుడా సైనికుడా సాయుధ దళ సభ్యుడా, చంపింది ఎవరు అనే వివరాలు అందులో ఉంటాయి. తర్వాత దీన్ని 2001 దాకా పొడిగించారు. మొత్తం 3,532 మంది. 1996లో మొదలై అల్‌స్టర్ విశ్వవిద్యాలయంలో నడుస్తున్న ‘కెయిన్’ అనే ఇంటర్నెట్ భాండాగారం ఈ సూచికను అందరికీ ఉచితంగా అందిస్తోంది. సటన్ లెక్క ప్రకారం దాదాపు 60 శాతం హత్యలకు రిపబ్లికన్ దళాలు, 30 శాతానికి లాయలిస్టు దళాలు, 10 శాతానికి ప్రభుత్వ బలగాలు బాధ్యులు. మృతుల్లో సగానికి పైగా ఏ ఆయుధమూ పట్టని పౌరులు.

పట్టిక చెప్పలేనిది ‘లాస్ట్ లైవ్స్’ (1999) చెప్పింది. డేవిడ్ మెక్‌కిట్రిక్, షేమస్ కెల్టర్స్, బ్రయన్ ఫీనీ, క్రిస్ థార్న్‌టన్ ఏళ్ల తరబడి పత్రికలు, ఇన్‌క్వెస్టు (మరణ విచారణ) రికార్డులు, కోర్టు కాగితాలు వెతికి కూర్చిన ఈ బృహద్గ్రంథం 1966 నాటి హత్యలతో మొదలవుతుంది. వరస కాలక్రమానిదే. పసిబిడ్డ, సైనికుడు, బాంబు పెట్టబోయి తన బాంబుకే బలైన యువకుడు, అందరికీ ఒక సంఖ్య, ఒక కథనం. ఎవరికీ ముందుపీట లేదు, ఎవరి పేరూ తొలగించలేదు. ఇరవయ్యో శతాబ్దపు రాజకీయ హింస మీద వచ్చిన గొప్ప పుస్తకాల్లో ఇదొకటి. 2019లో దీని ఆధారంగా డాక్యుమెంటరీ చిత్రం వచ్చింది.

విశ్లేషణలో ముందడుగు ‘కాస్ట్ ఆఫ్ ద ట్రబుల్స్ స్టడీ’ది. 1994 కాల్పుల విరమణల తర్వాత మొదలైన ఈ అధ్యయనానికి, రెండు వైపులా ఆప్తులను పోగొట్టుకున్నవారు, గాయపడినవారు మార్గదర్శకులుగా ఉన్నారు. మేరీ థెరీస్ ఫే, మైక్ మారిసీ, మేరీ స్మిత్ 1999లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మృతుల్లో 91 శాతం మగవారు. మూడో వంతుకు మించి యువకులు, పిల్లలు. మరణాలు ప్రాంతమంతటా సమంగా పరుచుకోలేదు. ఉత్తర, పశ్చిమ బెల్‌ఫాస్ట్‌లో కుప్పపడ్డాయి. ఎక్కువమంది చనిపోయిన పేటలే నిరుద్యోగం, పేదరికం ఎక్కువగా ఉన్న పేటలు కూడా. ‘దేశమంతా బాధపడింది’ అనే మాట ఈ లెక్కల ముందు నిలవదు. కొన్ని వీధులు మోసిన భారం మధ్యతరగతి శివార్ల దరిదాపులకు కూడా రాలేదు.

జాబితాల మొత్తాలు ఒకదానితో ఒకటి కలవవు. అత్యంత ఘోరమైన 1972వ సంవత్సరానికి పోలీసుల లెక్క 470, సటన్ లెక్క 480. ‘లాస్ట్ లైవ్స్’లో అది 490 దాటుతుంది. కారణం అజాగ్రత్త కాదు, హద్దులు. పోలీసులు ఉత్తర ఐర్లండ్‌లో జరిగినవే లెక్కించారు. ఆ ఏడాది ఇంగ్లండ్‌లోని ఆల్డర్‌షాట్ బాంబు దాడిలో పోయిన ఏడుగురు అందులో రారు. ఎవరిని మృతులుగా లెక్కించాలన్నదీ ఒక హద్దే. 1974 మే 17న ఐర్లండ్ రిపబ్లిక్‌లోని డబ్లిన్, మొనహన్ పేలుళ్లలో చనిపోయినవారు 33 మంది అంటారు కొందరు, కడుపులోని బిడ్డతో కలిపి 34 అంటారు మరికొందరు. 1998 ఆగస్టు 15 నాటి ఒమా బాంబు దాడిలో 29 మంది, గర్భంలోని కవల పిల్లలు పోయారు. 1971 ఆగస్టులో పశ్చిమ బెల్‌ఫాస్ట్‌లోని బ్యాలీమర్ఫీలో కాల్పులకు బలైనవారితో పాటు, సైనికులు బెదిరించాక గుండె ఆగి చనిపోయాడని కుటుంబం చెప్పే వ్యక్తిని కలిపితే అక్కడి మృతులు పదకొండుగురు. ఇన్‌క్వెస్టు పరిశీలించింది పదిమంది మరణాలనే. ఆ పదిమందీ పూర్తిగా నిరపరాధులని ఇన్‌క్వెస్టు జరిపిన న్యాయాధికారి (కరోనర్) 2021 మే నెలలో ప్రకటించారు. సైన్యం మాత్రం అప్పట్లో తాము సాయుధుల మీదే కాల్పులు జరిపామని చెప్పుకుంది. ఆ మచ్చ చెరగడానికి కుటుంబాలకు యాభై ఏళ్లు పట్టింది.

‘బాధ్యులు’ అనే గడి మరింత క్లిష్టమైనది. 1989 ఫిబ్రవరిలో న్యాయవాది పాట్ ఫినూకేన్‌ను కాల్చింది లాయలిస్టులు. పట్టికలోనూ అలాగే ఉంటుంది. ప్రభుత్వ ఏజెంట్లకు ఆ హత్యలో పాత్ర ఉందని 2012లో ప్రభుత్వం జరిపించిన డిసిల్వా సమీక్ష నివేదిక తేల్చింది. ఇలాంటి కుమ్మక్కును ఒకే గడిలో చూపించే మార్గం లేదు. 60, 30, 10 శాతాల లెక్కను ఎవరైనా వాదనకు వాడుకున్నప్పుడు ఈ లోటును గుర్తుంచుకోవాలి.

ఒప్పందం తర్వాత ఈ జాబితాలు రాజకీయ వివాదాల్లోకీ వచ్చాయి. 2006 నాటి చట్టం ‘బాధితుడు’ అనే నిర్వచనంలో సాయుధులను వేరు చేయలేదు. మరణించిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 12,000 పౌండ్లు ఇవ్వాలని గతాన్ని ఎలా ఎదుర్కోవాలో సలహా ఇవ్వడానికి ప్రభుత్వం నియమించిన ఈమ్స్–బ్రాడ్లీ బృందం 2009లో సూచించగానే, చంపినవాణ్ణీ చచ్చినవాణ్ణీ ఒకే గాటన కడతారా అని ఆగ్రహం పెల్లుబికింది, సూచన మూలపడింది. 2005లో పోలీసులు ఏర్పరచిన చారిత్రక విచారణల బృందం 3,200కు పైగా మరణాలను తిరిగి పరిశీలించడానికి పూనుకుంది. సైనికులు చేసిన హత్యల పట్ల మెతకగా ఉందని పోలీసుల పనితీరును పరిశీలించే తనిఖీ సంస్థ 2013లో తప్పుపట్టాక, మరుసటి ఏడాది అది మూతపడింది. 2023లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం, 2024 మే 1 నాటికి తేలని ఇన్‌క్వెస్టులను ఆపేసింది. ఆ నిర్ణయాన్ని ఉత్తర ఐర్లండ్‌లోని ప్రధాన పార్టీలన్నీ వ్యతిరేకించాయి.

ఈ సంఘర్షణ గురించి రాసేవారు మృతుల సంఖ్య ఒక్కటే ఇచ్చి ఊరుకోకూడదు. అది ఏ జాబితాలోది, ఏ తేదీల మధ్యది, ఎంత భూభాగానికి చెందినది అన్నది కూడా పక్కనే రాయాలి.