రోడ్డు ఇంజనీరు కొలువు వదిలి ఆరు వందల వేషాలు వేసిన మనిషి

పోయిన ఎపిసోడ్‌లో జేమ్స్ హాంగ్ గురించి నేను మాట్లాడింది పదిహేను నిమిషాలే. తర్వాత మీరు పెట్టిన వాయిస్ మెసేజ్‌లు వింటే ఒకటి అర్థమైంది. సగం మందికి ఆ పేరు కొత్త. కానీ ఫోటో చూడంగనే "ఈ ముసలాయనా? ఈయన్ని ఏడనో చూసిన" అన్నరు. డెబ్బై ఏండ్లు ఆయన బతుకు అట్లనే గడిచింది. మొహం అందరూ గుర్తుపడతరు, పేరు మాత్రం ఎవరికీ తెల్వదు.

మీలో ఒక తమ్ముడు గట్టి ప్రశ్నే అడిగిండు. "అన్నా, ఇంజనీరింగ్ చదివి, సర్కారు కొలువు చేసినోడు, అది వదిలేసి పోయి వెయిటర్, వంటోడు, బంట్రోతు, విలన్ పక్కన నిలబడేటోడు, ఇసొంటి వేషాలే ఏసిండు గదా. తన జాతిని తనే తక్కువ చేసుకున్నట్టు కాదా?" ఎపిసోడ్‌లో దీనికి జవాబు చెప్పలేకపోయిన. రెండు శుక్రవారాలు కూసొని చదివి, పాత సినిమాలు మళ్ళీ చూసి ఇది రాస్తున్న.

హాంగ్ పుట్టింది 1929 ఫిబ్రవరి 22న, అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపోలిస్‌లో. తల్లిదండ్రులు చైనా నుంచి వెళ్ళినవాళ్ళు. తండ్రికి ఆ ఊళ్ళో దుకాణం ఉండేది. అప్పటి సంగతి ఒకటి గుర్తుపెట్టుకోవాలి. చైనా కూలీలు అమెరికాలో అడుగుపెట్టకుండా 1882లో ఒక చట్టం చేశారు. అది 1943 దాకా నడిచింది. అంటే హాంగ్ పుట్టి పద్నాలుగేళ్ళు వచ్చేదాకా ఆయన జాతిని ఆ దేశం చట్టప్రకారమే బయట నిలబెట్టింది. చిన్నప్పుడు కొంతకాలం ఆయన్ని హాంకాంగ్ పంపించారు, పదేళ్ళ వయసులో తిరిగొచ్చాడు.

చదివింది సివిల్ ఇంజనీరింగ్. మొదట మిన్నెసోటా యూనివర్సిటీలో, తర్వాత లాస్ ఏంజెలెస్‌లోని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో. మధ్యలో కొరియా యుద్ధం రోజుల్లో మిలిటరీలో ఉన్నప్పుడు అలబామాలోని క్యాంపులో సైనికుల కోసం వినోద కార్యక్రమాలు నడిపాడు. చదువయ్యాక లాస్ ఏంజెలెస్ కౌంటీలో రోడ్ల ఇంజనీరుగా చేరి ఏడాదిన్నర పనిచేశాడు. నేను ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసినోణ్ణి, అందుకే ఈ ముక్క చదివినప్పుడు కాసేపు ఆగిపోయిన. లెవెల్స్ చూసుకోవడం, వాన నీళ్ళు ఎటు పోవాలో లెక్కగట్టడం, అదీ ఆయన పని. ఒకసారి రోడ్డు వేస్తే అరవై ఏండ్లు జనం దాని మీద తిరుగుతరు, వేసినోని పేరు ఎవడూ అడగడు. ఆ తర్వాత ఆయన పట్టిన వృత్తి కూడా దాదాపు అసొంటిదే అయ్యింది.

మలుపు 1954లో వచ్చింది. గ్రౌచో మార్క్స్ అనే పెద్ద హాస్యనటుడు టీవీలో ఒక క్విజ్ షో నడిపేవాడు. హాంగ్ అందులోకి వెళ్ళి గొంతులు అనుకరించాడు. ఆ గ్రౌచో ముందరే గ్రౌచో గొంతు చేసి చూపించాడు. జనం నుంచి ఉత్తరాలు వచ్చాయి, దాంతో ఒక ఏజెంట్ దొరికాడు. 1955లో క్లార్క్ గేబుల్ హీరోగా వచ్చిన 'సోల్జర్ ఆఫ్ ఫార్చూన్'లో చిన్న వేషం. 1956లో జపాన్ 'గాడ్జిల్లా'ను అమెరికా వాళ్ళు తిరగరాసి విడుదల చేసినప్పుడు, జపాన్ పాత్రలకు ఇంగ్లీషు గొంతులిచ్చిన కొద్దిమందిలో హాంగ్ ఒకడు. ఒక్కడే చాలా పాత్రలకు గొంతు మార్చి మార్చి చెప్పాడు. తెర మీద పేరు లేదు, మొహం అసలే లేదు.

ఇక తమ్ముడి ప్రశ్నకు వద్దాం. ఆ రోజుల్లో హాలీవుడ్‌లో చైనా మనిషి పాత్ర అంటే, ముఖ్యమైనదైతే తెల్లవాళ్ళే వేసేవాళ్ళు. కళ్ళ పక్కన టేపు అంటించుకుని, రంగు పూసుకుని. 1937లో 'ది గుడ్ ఎర్త్' వచ్చింది. చైనా రైతు కుటుంబం కథ. రైతుగా పాల్ ముని, భార్యగా లూయీజ్ రైనర్, ఇద్దరూ తెల్లవాళ్ళే. రైనర్‌కు ఆస్కార్ కూడా వచ్చింది. అప్పటికే పేరున్న చైనా సంతతి నటి అన్నా మే వాంగ్‌కు ఆ పాత్ర దక్కలేదు. చార్లీ చాన్ అనే చైనా డిటెక్టివ్ పాత్రతో బోలెడు సినిమాలు వచ్చాయి. అందులో పేరు తెచ్చుకున్న వార్నర్ ఓలాండ్ స్వీడన్‌లో పుట్టినవాడు.

ఆ చార్లీ చాన్ 1957లో టీవీ సీరియల్‌గా వచ్చింది. చాన్‌గా జె. క్యారల్ నైష్, ఐరిష్ సంతతి మనిషి. ఆయన పెద్ద కొడుకుగా హాంగ్. తండ్రి నకిలీ చైనావాడు, కొడుకు అసలు చైనావాడు! ఒకరోజు హాంగ్ డైలాగ్ దగ్గర తడబడితే నైష్ అందరి ముందూ ఎగిరెగిరి తిట్టాడట, తర్వాత హాంగ్‌ను తీసేశారట. హాంగ్ ఇంటర్వ్యూల్లో చెప్పుకున్న సంగతి ఇది. చైనావాళ్ళకు నటన నేర్పే బడి అనుకున్నావా ఇది అన్న అర్థంలో ఆ తిట్టు తగిలిందని కూడా చెప్పాడు. సైట్‌లో అందరి ముందు తిట్లు తిన్న అన్నలకు ఈ సంగతి నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంకో కష్టం యాస. మినియాపోలిస్‌లో పుట్టి అక్కడి ఇంగ్లీషు మాట్లాడే మనిషిని, తెర మీద మాత్రం ఇంగ్లీషు రానట్టు వంకర్లు తిప్పి మాట్లాడమనేవాళ్ళు. ఇక్కడ సైట్‌లో నన్ను పేరు పెట్టి పిలిచేటోళ్ళు పదిమంది ఉంటరేమో. మిగతావాళ్ళకు నేను "హిందీ", లేకపోతే "సదీక్", అదీ కాకుంటే తెల్ల హెల్మెట్. హాంగ్‌ది కూడా అట్లనే. సినిమా చివర్న పేర్ల పట్టీలో చాలాసార్లు వెయిటర్, బట్లర్ అని పని పేరే ఉండేది.

మరి ఊరుకున్నాడా? లేదు. 1965లో మాకో అనే జపాన్ సంతతి నటుడు, హాంగ్, ఇంకొంతమంది కలిసి లాస్ ఏంజెలెస్‌లో 'ఈస్ట్ వెస్ట్ ప్లేయర్స్' అనే నాటక సంస్థ పెట్టారు. డబ్బుల్లేవు. మొదట్లో ఒక చర్చి కింది గదిలో ఆడేవాళ్ళు. తొలి నాటకం 'రషోమాన్'. పగలు స్టూడియోలో ట్రే పట్టుకుని నిలబడే నటుడు, అక్కడ మాత్రం నిండు మనిషి పాత్ర వేయొచ్చు. యాస వంకర తిప్పమని అడిగేటోడు ఉండడు. ఆ మాకోనే మరుసటి ఏడాది 'ది శాండ్ పెబుల్స్'లో వేసిన పాత్రకు ఆస్కార్ నామినేషన్ తెచ్చుకున్నాడు. అందులో హాంగ్ కూడా ఉన్నాడు. ఆ నాటక సంస్థ ఇప్పటికీ లాస్ ఏంజెలెస్‌లోని లిటిల్ టోక్యోలో నడుస్తోంది. ఆసియా సంతతి నటులు ఎందరో అక్కడే తయారయ్యారు.

తమ్ముడూ, నాకు తోచిన జవాబు ఇదే. పగటి కూలీతో ఇల్లు గడుపుకున్నడు, సాయంత్రం పూట వెనక వచ్చేటోళ్ళ కోసం ఇంకో తలుపు కట్టుకుంట పోయిండు. అట్లని ఆయన వేసినవన్నీ నాకు నచ్చినయి అనను. 1984లో 'మిస్సింగ్ ఇన్ యాక్షన్'లో వియత్నాం జనరల్ వేషం చూసిన. ఒట్టి కాగితపు విలన్. చూడబుద్ధి కాలేదు, మధ్యలో ఆపేసిన. అది కూడా ఒప్పుకోవాలె.

చిన్న పాత్రల్లో మాత్రం మనిషి ఎంత శ్రద్ధ పెట్టాడో చూడండి. 1974లో 'చైనాటౌన్'లో పెద్దింటి బట్లర్ కాన్. మాటలు తక్కువ, కానీ ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఇతనికి అన్నీ తెలుసనిపిస్తుంది. 1982 నాటి 'బ్లేడ్ రన్నర్' ఇంకా గొప్ప. అందులో మనుషుల్లాంటి కృత్రిమ మనుషులుంటారు, వాళ్ళ కళ్ళు తయారుచేసే పనివాడు హానిబల్ చ్యూ. ఆ గది నిజంగానే మాంసం నిల్వచేసే కోల్డ్ స్టోరేజీలో వేసిన సెట్. నోట్లోంచి వచ్చే పొగ ఉత్తుత్తిది కాదు. ఒంటిమీద బరువైన బొచ్చు కోటు. చంపడానికైనా వెనకాడని ఇద్దరు వచ్చి ఆ కోటు చించేస్తారు. చలికి వణుకుతూ, చావు భయంతో ఉన్నవాడు ఎదురుగా ఉన్నవాడి కళ్ళల్లోకి చూసి, ఈ కళ్ళు నేను చేసినవే అని గుర్తుపడతాడు. ఆ భయంలో కూడా తన చేతిపని చూసుకున్న పనివాడి గర్వం ఒక్క క్షణం మొహంలో మెరుస్తుంది. సీన్ మొత్తం కొద్ది నిమిషాలే. మా రూమ్‌లో దాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పి చూసినం. టైల్స్ పని చేసే మా అన్న ఒకాయన ఏమీ అనలేదు గానీ, మూడోసారి తనే ఫోన్ అందుకుని వెనక్కి తిప్పిండు.

నవ్వుకోవాలంటే 1991 నాటి 'సైన్‌ఫెల్డ్' ఎపిసోడ్ చూడండి. ముగ్గురు స్నేహితులు చైనా హోటల్లో టేబుల్ కోసం నిలబడతారు. ఎపిసోడ్ మొత్తం ఆ నిలబడటమే. ఇందులో కథేముందని టీవీ కంపెనీ పెద్దలే సందేహపడ్డారట. హోటల్లో జనాన్ని కూర్చోబెట్టే మనిషి హాంగ్. ఎన్నిసార్లు అడిగినా ఐదు, పది నిమిషాలే అంటాడు. కోపం లేదు, జాలి లేదు, తొందర అసలే లేదు. చివరికి విసిగిపోయి వాళ్ళు బయటికి నడిచిన మరుక్షణం వాళ్ళ పేరు పిలుస్తాడు! ఆఫీసు కిటికీ దగ్గర "బుక్రా" అనే మాట ఎన్నిసార్లు విన్నమో మనకు ఎరుకే. అందుకే మనకు ఆ నవ్వు ఇంకొంచెం ఎక్కువ తగులుతుంది.

1986లో జాన్ కార్పెంటర్ తీసిన 'బిగ్ ట్రబుల్ ఇన్ లిటిల్ చైనా'లో లో పాన్ అనే మాంత్రికుడిగా పెద్ద వేషం దొరికింది. ఒకసారి చక్రాల కుర్చీలో ముడతల ముసలివాడు, ఇంకోసారి పొడుగాటి దయ్యం. సినిమా థియేటర్లలో ఆడలేదు. తర్వాత వీడియో క్యాసెట్ల మీద జనం మళ్ళీ మళ్ళీ చూసి దాన్ని బతికించారు. తర్వాత కార్టూన్ సినిమాల్లో ఆయన గొంతు. 1998లో 'ములాన్'లో చాడీలు చెప్పే రాజోద్యోగి, 2008 నుంచి 'కుంగ్ ఫూ పాండా'లో నూడుల్స్ కొట్టు నడిపే బాతు నాన్న పింగ్. పాండాను పెంచి పెద్దచేసిన తండ్రి. మీ పిల్లలు చూసే ఉంటరు.

సినిమాలు, టీవీ, గొంతులు, వీడియో గేములు కలిపి ఆయనవి ఆరు వందలు దాటాయని లెక్క చెబుతారు. మన అల్లు రామలింగయ్యను తలచుకుంటే ఆ లెక్క మనకు వింతగా అనిపించదు. వింత ఏంటంటే, ఇన్ని చేసినా హాలీవుడ్ ఫుట్‌పాత్ మీద నటుల పేర్లతో వేసే నక్షత్రాల్లో ఆయన పేరు లేదు. 2020లో డేనియల్ డే కిమ్ అనే కొరియా సంతతి నటుడు పూనుకుని జనం నుంచి చందాలు వసూలు చేశాడు. ఆ నక్షత్రానికి 55 వేల డాలర్లు కావాలి, కొద్దిరోజుల్లోనే వచ్చేశాయి. 2022 మే 10న నక్షత్రం వేశారు. అప్పటికి హాంగ్ వయసు 93. లాస్ ఏంజెలెస్ రోడ్లకు లెక్కలు గట్టిన మనిషి పేరు చివరికి ఆ ఊరి ఫుట్‌పాత్ మీదికే ఎక్కింది.

అదే ఏడాది 'ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్' వచ్చింది. అమెరికాలో లాండ్రీ నడుపుకునే చైనా కుటుంబం కథ. అందులో చక్రాల కుర్చీలో ఉండే తాత ఆయనే. ఆ సినిమాకు ఏడు ఆస్కార్లు వచ్చాయి. దానికి ముందు 2023 ఫిబ్రవరి 26న, అంటే హాంగ్‌కు 94 నిండిన నాలుగో రోజున, నటుల సంఘం అవార్డు సభలో ఆ సినిమా నటులందరికీ కలిపి బహుమతి ఇచ్చారు. మైకు దగ్గరికి హాంగ్‌ను పంపించారు. ఆయన క్లార్క్ గేబుల్‌తో చేసిన తొలి సినిమా దగ్గర మొదలుపెట్టి, తెల్లవాళ్ళు కళ్ళకు టేపు అంటించుకుని చైనా వేషాలు వేసిన రోజులు గుర్తుచేశాడు. ఆసియావాళ్ళు పనికిరారు, వాళ్ళను పెడితే టికెట్లు తెగవని అప్పటి నిర్మాతలు అనేవాళ్ళని చెప్పాడు. ఇప్పుడు మమ్మల్ని చూడండి అన్నాడు. సభంతా లేచి నిలబడింది.

2024లో 'కుంగ్ ఫూ పాండా' నాలుగో భాగం వచ్చింది. బాతు నాన్న గొంతు మళ్ళీ ఆయనదే, అప్పటికి 95. పోయిన శుక్రవారం ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు చిన్నోనికి చెప్పిన, ఆ బాతు గొంతు ఇచ్చిన తాత ఒకప్పుడు రోడ్ల ఇంజనీరు అని. వాడు నమ్మలే. "మరి నువ్వు ఏం గొంతు ఇస్తవ్ నాన్నా?" అన్నడు. సైట్‌లో క్రేన్ ఆపరేటర్‌ను పిలిచే గొంతు ఇచ్చిన. ఫోన్ దూరంగ పెట్టమని ఇంటామె లోపల్నుంచి అరిచింది.