పాలరాపు గుట్టమీది రాబందులు

పెద్దపల్లి ప్రాంతపు పల్లెలలో ఒకప్పుడు చచ్చిన ఎద్దును ఊరవతల పడవేసినచో మరల విచారింపవలసిన పని యుండెడిది కాదు. ఆకాశమున సుళ్లు తిరుగుచు రాబందులు దిగెడివి. కొలది గంటలలో ఎముకలే మిగిలెడివి. జీతమెరుగని ఆ పాకీపనివారిని మనము అపశకునమని తిట్టుకొంటిమి. జటాయువును కొలిచిన జాతికిది తగునా?

1990 తరువాత అవి వేగముగా మాయమైనవి. కారణము 2004లో తేలినది. పశువుల నొప్పులకిచ్చిన డైక్లోఫెనాక్ మందు, కళేబరము ద్వారా చేరి, వాటి మూత్రపిండములను చెరచినది. 2006లో ప్రభుత్వము పశువైద్యమున దానిని నిషేధించెను.

2013లో ఆదిలాబాదు జిల్లా బెజ్జూరు అడవులలో, పాలరాపు గుట్ట చరియలపై రాబందుల గూళ్లు కనుపించినవి! ఏటికి ఒక్కటే గ్రుడ్డు. చలికాలమున పెట్టిన గ్రుడ్డు పిల్లయై రెక్క విప్పునాటికి ఎండలు ముదురును. ఆ ఎండలు నేడు మరింత తీవ్రమగుచున్నవి, అకాలవర్షములు సరేసరి. నీడలేని రాతిపై పిల్లకు తల్లిదండ్రుల రెక్కలే గొడుగు. పైగా ట్రాక్టర్లు వచ్చి ఊళ్లలో ఎడ్లు తగ్గినవి, తిండియు తగ్గినది. అందుచే అటవీశాఖవారు కళేబరములు తెప్పించి వేయింపసాగిరి. ఊరివారు ఊరక పారవేసినది, మందు సోకలేదని తెలిసికొని మరీ మోసికొనిపోవలసి వచ్చినది.