మేడ మీద యాగీ

2009 జూన్ 12, శుక్రవారం. అమెరికాలో పూర్తి శక్తితో పనిచేసే టీవీ కేంద్రాలన్నీ ఆ రోజుతో పాత అనలాగ్ ప్రసారాలకు స్వస్తి చెప్పి డిజిటల్‌కు మారిపోయాయి. ముహూర్తం నిజానికి ఫిబ్రవరి 17కే పెట్టారు. జనం ఇంకా సిద్ధంగా లేరని కాంగ్రెసు దానిని జూన్‌కు జరిపింది. పాత టీవీలున్నవారు మార్పిడి పెట్టె కొనుక్కోవడానికి ఇంటికి రెండు చొప్పున, ఒక్కొక్కటి 40 డాలర్ల విలువగల కూపన్లను ప్రభుత్వమే ఇచ్చింది. మా ఇంట్లో అప్పటికి కేబుల్ లేదు. గాలిలో ఊరికే వచ్చేదానికి నెలనెలా కప్పం కట్టడమేమిటన్న పల్లెటూరి పీనాసితనం నాది. కాబట్టి కొత్త కాలానికి తగినట్టుగా ఉండాలని దుకాణానికి వెళ్ళి, పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘డిజిటల్ యాంటెనా’ అని రాసి ఉన్నదానిని అరవై డాలర్లు పోసి తెచ్చుకున్నాను. ఇంటి పాత యజమాని వదిలిపోయిన పొడుగాటి అల్యూమినియం కడ్డీల యాంటెనా గ్యారేజీలో గోడకు ఆనించి ఉండేది. దానిని వచ్చే మంగళవారం చెత్తబండికి ఎక్కించాలని అనుకున్నాను.

మంగళవారం రాకముందే బుద్ధి వచ్చింది. అదెలాగో చెప్పేముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మాది నాయుడుపేట దగ్గర ఒక పల్లె. 1980ల మొదట్లో మాకు టీవీ అంటే మద్రాసే. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లోనే మొదలైనా అది మాకు అందే దూరంలో లేదు. మద్రాసు కేంద్రం 1975 నుంచి ఉంది, దక్షిణంగా వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో. ఈ దూరం గురించి ఒక లెక్క చెబుతాను. ఈ తరంగాలు దాదాపు చూపు పోయినంత మేరకే తిన్నగా పోతాయి, ఆపైన భూమి వంపు అడ్డం వస్తుంది. నూట యాభై మీటర్ల టవరు నుంచి దిగంతం సుమారు 50 కిలోమీటర్లు. పది మీటర్ల గొట్టం కొసనుంచి 13 కిలోమీటర్లు. రెండూ కలిపినా 63. అంటే మాకు మద్రాసు న్యాయంగా రాకూడదు. గాలిపొరల్లో కొంత వంగి, కొంత చెదిరి, మిగిలిన నలుసేదో మా ఊరికి చేరేది. ఎండాకాలం ఉక్కపోత రాత్రుల్లో సముద్రం వైపు గాలి స్తంభించినప్పుడు బొమ్మ అద్దంలా వచ్చేది, మర్నాడు ఏమీ ఉండేది కాదు.

ఆ నలుసును పట్టడానికి మా నాయన మిద్దె మీద రెండు జీ.ఐ. పైపులు ఒకదానిలో ఒకటి దూర్చి, మూడు వైపులా తీగలు లాగి కట్టి, కొసన యాంటెనా, దాని కింద బూస్టర్ బిగించారు. నెల్లూరులో దానిని అమ్మిన దుకాణదారు ‘ఇది యాగీ యాంటెనా’ అన్నాడట. మా అవ్వ ఆ మాట విని, అది తెలుగు మాటేననుకుంది. శుక్రవారం సాయంత్రం ‘ఒళియుం ఒళియుం’ వేళకు నాయన పైన పైపు తిప్పుతూ ‘వచ్చిందా అబ్బయా?’ అని కేకవేయడం, నేను కిటికీలోంచి ‘కొంచెం వచ్చింది నాయనా, పోయింది, మళ్ళీ పోయింది’ అని అరవడం, పక్కింటివాళ్ళు తలా ఒక సలహా చెప్పడం చూసి, దుకాణదారు సరైన పేరే పెట్టాడని ఆమె చివరిదాకా నమ్మింది. మాకు అరవం సగమే అర్థమయ్యేది. బొమ్మ కూడా సగమే కనబడేది కాబట్టి లెక్క సరిపోయిందనేవారు నాయన.

ఆ ‘యాగీ’ ఒక మనిషి పేరని నాకు ఇంజనీరింగులో తెలిసింది. అందులో సగం పేరే మిగిలిందని ఇంకా ఎన్నో ఏళ్ళకు గానీ తెలియలేదు.

యాగి హిడెత్సుగు 1886లో ఒసాకాలో పుట్టారు. జర్మనీలో బార్క్‌హౌసెన్ దగ్గర, ఇంగ్లండులో ఫ్లెమింగ్ దగ్గర, అమెరికాలో పియర్స్ దగ్గర చదువుకొని, జపాన్ ఉత్తరాన సెండాయ్‌లోని తొహోకు ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. ఆయన దగ్గర పనిచేసిన యువకుడు ఉడా షింటారో, 1896లో పుట్టినవారు. మామూలుగా ఒక కడ్డీకి తీగ తగిలించి తరంగాన్ని పట్టవచ్చు. ఆ కడ్డీ తరంగంలో సగం పొడవుండాలి. దానికి వెనుక ఏ తీగా తగిలించని, కాస్త పొడుగైన కడ్డీని నిలిపితే అది అద్దంలా తరంగాన్ని ముందుకు నెడుతుంది. ముందు వరుసగా కొంచెం పొట్టి కడ్డీలు పెడితే అవి తరంగాన్ని ఒక్క దిక్కునుంచే పోగుచేసి లోపలికి నడిపిస్తాయి. ఈ ముందు, వెనుక కడ్డీలకు ఎక్కడా కరెంటు తీగ లేదు. ఊరికే అక్కడ ఉండడమే వాటి పని. ఎంత పొడుగు, ఎంత ఎడం, ఎన్ని కడ్డీలు అన్న విషయాన్ని ఒక్కొక్కటిగా మార్చి, కొలిచి, రాసుకున్నది ఉడా. 1926 నుంచి 1929 వరకు ఆయన జపనీసులో పదకొండు భాగాలుగా ఆ ఫలితాలను అచ్చువేశారు. 1926లోనే ఇద్దరి పేర్లతోనూ ఒక చిన్న వ్యాసం ఇంగ్లీషులో వచ్చింది.

అయితే పేటెంటు యాగి ఒక్కరి పేరనే ఉంది. 1928లో అమెరికాలోని రేడియో ఇంజనీర్ల సంస్థ పత్రికలో వచ్చిన పెద్ద ఇంగ్లీషు వ్యాసం కూడా యాగి ఒక్కరిదే. అందులో ఆయన ఉడా పనిని దాచిపెట్టలేదు, చెప్పవలసిన చోట చెప్పారు. కాని ప్రపంచం చదివింది శీర్షిక కింద ఉన్న పేరును. ఉడా రాసిన పదకొండు భాగాలు జపనీసులో ఉండిపోయాయి. తమ భాషలో రాసేవారికి ఇందులో కొత్త సంగతేమీ కనబడదు. తెలుగులో ఏదైనా పనికివచ్చేది రాసి, అది ఇంగ్లీషులో మరొకరి పేరుతో తిరిగివచ్చాక చదువుకున్న మిత్రులు మనలోనే ఉన్నారు. యాగిని ఇందుకు తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. తప్పంతా చదివినవారి బద్ధకంలో ఉందనుకుంటాను.

స్వదేశంలో ఆ కడ్డీలకు దొరికిన గౌరవం ఇంకా విచిత్రం. 1942 ఫిబ్రవరిలో సింగపూరు పడిపోయినప్పుడు, జపాను సేనకు ఒక బ్రిటిష్ రాడార్ సైనికుడి చేతిరాత నోటు పుస్తకం చిక్కిందట. అందులో పదే పదే ‘యాగి’ అన్న మాట. దాన్ని ఎలా పలకాలో, దాని అర్థమేమిటో తెలియక, బందీగా ఉన్న ఆ సైనికుణ్ణే అడిగితే, అది మీ దేశపు ఆచార్యుడి పేరే కదా అని అతను విస్తుపోయాడని చెబుతారు. ఈ కథ చాలా చోట్ల చదివాను, ప్రతిచోటా నవ్వు తెప్పించేలాగానే రాశారు. 1945లో హిరోషిమా, నాగసాకిల మీద వేసిన బాంబులలో నేల ఎంత దూరం ఉందో కొలిచే పరికరాలకు బిగించినవి కూడా యాగి యాంటెనాలే. ఆ మాట తెలిసిన తరువాత మొదటి కథకు నవ్వడం నాకు చేతకాలేదు.

యుద్ధం తరువాత అవే కడ్డీలు ప్రపంచమంతా ఇంటికప్పుల మీదికి ఎక్కాయి. మన దగ్గర 1982 తరువాత, రంగుల టీవీ, చిన్న రిలే కేంద్రాలు వచ్చాక, పట్టణాల మిద్దెలు ఒక ఐదారేళ్ళలోనే చేపముళ్ళతో నిండిపోయాయి. చేపముల్లు అని మేము పిల్లలం పెట్టుకున్న పేరు. వాటి పొడవు చూసి ఏ ఛానెల్‌దో చెప్పవచ్చు. మన పద్ధతిలో 4వ ఛానెల్ చిత్రం 62.25 మెగాహెర్ట్జ్ మీద వచ్చేది. తరంగం పొడవు 4.8 మీటర్లు, సగం 2.4. లోహంలో కొంత తగ్గించాలి కాబట్టి కడ్డీ 2.3 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అంత పొడుగు కడ్డీ మీద రెండు కాకులు వాలితే మద్రాసు పోయేదంటే మీరు నమ్మాలి.

ఇక గ్యారేజీ సంగతి. డిజిటల్ యాంటెనా అన్నది లోకంలో లేదు. ఉత్తరం తెచ్చే పోస్టుమానుకు లోపలి రాత తెలుగో అరవమో పట్టనట్టే, యాంటెనాకు తరంగం మోసుకొచ్చేది అనలాగో డిజిటలో పట్టదు. దానికి పట్టేది తరంగం పొడవు, వచ్చే దిక్కు మాత్రమే. విప్పి చదివే పని టీవీది, లేదా మార్పిడి పెట్టెది. ఆ మాట నాకు ఇంజనీరింగు చదివిన రోజులనుంచీ తెలుసు. తెలిసి కూడా పెట్టె మీది అక్షరాలకు మోసపోయాను.

జూన్ 12 దాకా అరవై డాలర్ల యాంటెనా బాగానే పనిచేసింది. మర్నాడు మా ఇంట్లో అందరూ చూసే ఛానెలొకటి మాయమైంది. కారణం ఇది. మారే కాలంలో చాలా కేంద్రాలు అనలాగ్‌ను తమ పాత స్థానంలో నడుపుతూ, డిజిటల్‌ను తాత్కాలికంగా యూహెచ్‌ఎఫ్‌లో నడిపాయి. అనలాగ్ ఆగిపోగానే కొన్ని తమ పాత వీహెచ్‌ఎఫ్ స్థానానికి తిరిగివెళ్ళాయి. టీవీ తెర మీద కనబడే అంకె మారదు, అసలు తరంగం మారిపోతుంది. ఫిలడెల్ఫియాలో 6వ ఛానెల్, చికాగోలో 7వ ఛానెల్ ఆ వారం ఎన్నో ఇళ్ళలో అందక పెద్ద గొడవే అయింది. 7 నుంచి 13 వరకు ఛానెళ్ళు 174–216 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటాయి, సగం తరంగం ముప్పావు మీటరు. యూహెచ్‌ఎఫ్‌లో అది పాతిక సెంటీమీటర్ల అటూఇటూ. నేను కొన్న అందమైన పలక పాతిక సెంటీమీటర్ల పనికే పుట్టింది. దాని మీద ‘డిజిటల్’ అని రాయడం కంటే ‘యూహెచ్‌ఎఫ్’ అని రాసి ఉంటే నా అరవై డాలర్లు మిగిలేవి.

గ్యారేజీలోని పాతదానికి రెండు రకాల కడ్డీలూ ఉన్నాయి. ఎఫ్‌సీసీ వారి పటంలో మా చిరునామా వేసి, ఏ కేంద్రం అసలు ఏ స్థానంలో, ఏ దిక్కున ఉందో కాగితం మీద రాసుకొని, కప్పు మీదికి ఎక్కే ధైర్యం లేక అటక మీదికి ఎక్కాను. అటక కప్పు మామూలు తారు పెంకులదే, లోపల రేకు తొడుగు లేదు, కాబట్టి తరంగం కొంత నష్టపోయినా లోపలికి వస్తుంది. చప్పటి పాత తీగను తీసి గుండ్రటి కో-యాక్సియల్ తీగ బిగించి, రెండింటి మధ్య మూడువందల ఓములను డెబ్బై ఐదుగా మార్చే చిన్న బాలన్ వేశాను. మా ఆవిడ టీవీ ముందు, నేను దూలాల మధ్య మోకాళ్ళ మీద.

‘వచ్చిందా?’

‘లేదండీ.’

‘ఇప్పుడో?’

‘ఏమీ లేదండీ, నల్లగా ఉంది.’

ఇక్కడే నాయన కాలానికీ నా కాలానికీ తేడా తెలిసింది. అనలాగ్‌లో తెర మనతో మాట్లాడేది. చుక్కలు తగ్గాయంటే దారి సరైనదే. బొమ్మ పక్కన నీడబొమ్మ పడిందంటే ఏ కొండనో కట్టడాన్నో తాకివచ్చిన తరంగం కూడా కలుస్తోందని. చేయి కొంచెం తిప్పితే కొంచెం ఫలితం. డిజిటల్‌లో తప్పులు దిద్దుకొనే ఏర్పాటు తరంగంలోనే ఉంటుంది. దిద్దగలిగినంత వరకు బొమ్మ నిక్షేపంలా ఉంటుంది, ఆ హద్దు దాటగానే ముక్కలై ఆగిపోతుంది. అటు ఎంత దగ్గరకు వచ్చామో చెప్పే చుక్కలు లేవు. చివరికి టీవీ మెనూలో బలం చూపించే గీతను ఆవిడ చదువుతుంటే, నేను అయిదేసి డిగ్రీలు తిప్పాను. ‘నలభై, నలభై రెండు, ముప్పై ఎనిమిది.’ అరవై దాటాక బొమ్మ వచ్చింది. ఆ రాత్రి నాయనకు ఫోను చేసి చెబితే, ‘కాకులు లేవు కదా నీకు’ అన్నారు.

ఉడా గురించి ఇంకొక్క మాట. 1950లలో ఆయన యునెస్కో నిపుణుడిగా కొన్నేళ్ళు న్యూఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో పనిచేశారు. ఢిల్లీలో తొలి టీవీ ప్రసారం 1959 సెప్టెంబరు 15న. మన దేశపు మిద్దెలన్నీ మోసిన ఆ కడ్డీలను కొలిచిన చేతులు, మొదటి టీవీకి కాస్త ముందుగా మన రాజధానిలోనే ఉన్నాయన్నమాట. గురుశిష్యులిద్దరూ 1976లోనే, కొన్ని నెలల తేడాతో కన్నుమూశారు. 2022 నాటికి మన దూరదర్శన్ అనలాగ్ కేంద్రాలు దాదాపు అన్నీ మూతపడ్డాయి. మా ఊరి మిద్దె మీద పైపు మాత్రం ఇంకా ఉంది, బట్టలారేసే తీగకు ఒక కొస కట్టడానికి.

అమెరికా ఇల్లు అమ్మినప్పుడు అటక మీది యాంటెనాను విప్పలేదు. వచ్చేవారికోసం ఒక కాగితం మీద దిక్కు, డిగ్రీలు, ఛానెళ్ళ అసలు స్థానాలు రాసి దాని కడ్డీకే కట్టి వచ్చాను. పైన పేరు కూడా రాశాను: యాగి–ఉడా.