తెరచాప తాడు

తెరచాప తాడు అనగా తెరచాప వెనుక అడుగు మూలకు తగిలించి, చాపను గాలికి తగిన వాలులో నిలిపి ఉంచే తాడు. ఆంగ్ల నావికులు దీనిని షీటు అంటారు. ఆ మాట వినగానే గుడ్డ అని తోచినా, నావికుల వాడుకలో అది తాడుకే పేరు. చాపను కొయ్య మీదికి ఎత్తే తాడు వేరు, ఈ తాడు వేరు. తాడును బిగిస్తే చాప గాలిని పట్టి పడవ వేగం పుంజుకొంటుంది, వదలితే చాప గాలిని విడిచిపెడుతుంది. ఈదురుగాలి విసరినపుడు చిన్న పడవ బోల్తా పడకుండా కాపాడేది తాడును సకాలంలో వదలగలగడమే. అందువలన తాడుకు, దానిని మూలకు కలిపే ముడికి లేదా షాకిల్‌కు బలంతో పాటు మరి రెండు లక్షణాలు ఉండాలి: తనంతట తాను ఊడరాదు, చేతిలో చిక్కుపడరాదు.

నెల్లూరు తీరంలో

కోరమాండల్ తీరంలో తెరచాప ఓడల చరిత్ర ప్రాచీనమైనది. శాతవాహనుల నాణెములపై రెండు కొయ్యల ఓడ బొమ్మ కనిపిస్తుంది. నెల్లూరు తీరంలోని మత్స్యకారులు దుంగలను తాళ్ళతో కట్టిన తెప్పలపై త్రికోణాకారపు నూలు చాపను ఎత్తి సముద్రంలోకి వెళ్ళేవారు. తెప్పలో నీరు నిలవదు కాబట్టి ఒడ్డున విరిగే అలలను దాటడానికి అది అనువైనది. పులికాట్ సరస్సులోను, బకింగ్‌హాం కాలువలోను పడవలకు తెరచాపలు వాడేవారు. కాలువలో గాలి అనుకూలించనపుడు మనుషులు గట్టుపై నడుస్తూ తాడుతో పడవను లాగేవారు.

20వ శతాబ్దపు చివరి దశకాలలో ఫైబర్ పడవలు, యంత్రాలు వ్యాపించడంతో తెరచాపల వాడకం బాగా తగ్గిపోయినది. అయినా నడిసముద్రంలో యంత్రం చెడినపుడు ఒక చాప, ఒక మంచి తాడు ఒడ్డుకు చేర్చగలవు. ఈ తీరంలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాలు, తుఫానులు వస్తాయి. వేసవి మధ్యాహ్నాలలో సముద్రపు గాలి బలంగా వీస్తుంది.

తాడుపై పడే బరువు

గాలి వేగం రెట్టింపయితే చాపపై ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. 10 చదరపు మీటర్ల చాపపై గంటకు 18 కిలోమీటర్ల గాలి సుమారు 15 కిలోల బలం చూపితే, గంటకు 36 కిలోమీటర్ల గాలి సుమారు 60 కిలోల బలం చూపుతుంది. ఇందులో కొంత భాగమే తాడుపై పడినా, చాప కొట్టుకొనేటప్పుడు తగిలే కుదుపులు ఎక్కువ. అందుచేత తాడు తెగే బరువులో ఐదో వంతుకు మించి పని చేయించకపోవడం మంచిది.

తాడు ఎంపిక

* కొబ్బరి పీచు తాడు: నీటిలో తేలుతుంది, ఉప్పునీటిని బాగా తట్టుకొంటుంది. బలం తక్కువ, సాగుతుంది, చేతులను ఒరుస్తుంది.
* నూలు తాడు: చేతికి మెత్తన. తడిస్తే ముడి బిగుసుకొంటుంది, తేమలో నిలువ ఉంటే కుళ్ళుతుంది.
* నైలాన్: బలమైనదే కాని బాగా సాగుతుంది, తడిస్తే కొంత బలం తగ్గుతుంది. లంగరుకు ఆ సాగుడు మేలు, తెరచాపకు కీడు. బిగించిన చాప గాలి పెరిగిన కొద్దీ తనంతట తానే వదులవుతుంది.
* పాలీప్రొపిలీన్: చవక, తేలిక, నీటిపై తేలుతుంది. ఎండకు త్వరగా పెళుసెక్కుతుంది.
* పాలియెస్టర్: తక్కువ సాగుతుంది, ఎండను తట్టుకొంటుంది. సాధారణ పడవలకు ఇదే తగినది.
* డైనీమా: చాలా బలమైనది, సాగదు, తేలుతుంది. నున్నగా ఉండుటచే ముడి జారుతుంది, వేడికి త్వరగా కరుగుతుంది, ఖరీదు ఎక్కువ.

చిన్న పడవలలో తాడు మందాన్ని తరచు బలం కాక చేయి నిర్ణయిస్తుంది. మరీ సన్నని తాడు అరచేతిని కోస్తుంది. 8 నుండి 12 మిల్లీమీటర్ల తాడు పట్టుకు అనుకూలం. ముప్పేటగా పేనిన తాడు కంటె అల్లిన తాడు మెలిపడకుండా కప్పీలో సులువుగా నడుస్తుంది.

మూలకు కలిపే పద్ధతులు

ముడి: జారని ఉచ్చుముడి అన్నిటికంటె చవకైనది. దీనిని బౌలైన్ అంటారు. ఎంత బరువు మోసినా బరువు తీసిన తరువాత సులువుగా విప్పవచ్చును. ముడి వద్ద తాడు బలం సుమారు మూడో వంతు తగ్గుతుంది. చాప కొట్టుకొంటే వదులు కాకుండా తోకను పొడవుగా విడవాలి.

చీల: మూలకు కట్టిన చిన్న ఉచ్చులో తాడు చివరి కొయ్య చీలను అడ్డంగా దూర్చే పాత పద్ధతి ఇది. తడి చేతులతో కూడా త్వరగా ఊడదీయవచ్చును.

తాడు షాకిల్: డైనీమా తాడుతో అల్లిన ఉచ్చు, చివర గుండ్రని ముడి ఉంటాయి. తేలికైనది, తుప్పు పట్టదు, తగిలినా గాయం చేయదు. అరుగుదలను గమనిస్తూ మార్చాలి.

లోహపు షాకిల్: వాసానికి కట్టే పెద్ద చాప తాడుకు, చాపను పైకెత్తే తాడుకు ఇది తగినది. వాసము లేని ముందు చాప మూలకు తగదు. చాప కొట్టుకొనేటప్పుడు మూల కొరడావలె ఊగుతుంది, అక్కడి ఇనుపముక్క మనిషి తలకు సుత్తిదెబ్బ వలె తగలగలదు.

లోహపు షాకిల్ ఎంపిక

లాగుడు ఒకే దిశలో ఉంటే డి-షాకిల్, పలు దిశలలో ఉంటే విల్లు ఆకారపు షాకిల్ వాడాలి. షాకిల్‌ను పక్కకు లాగే బరువు దానిని వంచుతుంది. ఉప్పుగాలిలో 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కంటె మాలిబ్డినం కలిసిన 316 రకం మన్నుతుంది. జింకు పూత వేసిన ఇనుము చవకైనదే కాని పూత పోగానే తుప్పు పడుతుంది. అల్యూమినియం భాగాలకు స్టెయిన్‌లెస్ స్టీలు తగిలి ఉంటే ఉప్పునీటిలో అల్యూమినియం తినివేయబడుతుంది.

షాకిల్‌పై పని బరువు ముద్రించి ఉండాలి. ముద్ర లేనిదానిని ముఖ్యమైన చోట వాడరాదు. మరచీల పోయినచో దాని స్థానంలో మామూలు బోల్టు బిగించరాదు. చాప కదలికకు మరచీల వదులవుతుంది కాబట్టి దాని కంటికి తీగ చుట్టి కట్టాలి.

జాగ్రత్తలు

తాడును మంచినీటితో కడిగి నీడలో ఆరవేయాలి. పోగులు లేచిన చోటు, గట్టిపడిన చోటు, కప్పీలో నలిగే చోటు తరచు చూడాలి. చివర అరిగితే తాడును తలక్రిందులు చేసి కొంతకాలం వాడవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది, చిన్న పడవలో తెరచాప తాడును పడవకు గట్టిముడితో కట్టివేయరాదు, చేతికి చుట్టుకొనరాదు. ఈదురుగాలి వచ్చిన క్షణంలో ముడి విప్పడానికి వ్యవధి ఉండదు.

ఇవి కూడా చూడండి

* తెరచాప
* తెప్ప
* పులికాట్ సరస్సు
* బకింగ్‌హాం కాలువ