52 రోజులు బస్సు రాలేదు: 2019 ఆర్టీసీ సమ్మె, మన ఏజెన్సీ

 

డిగ్రీలో హిస్టరీ తీసుకున్నానని హాస్టల్‌లో ఎవరికి ఏ డౌట్ వచ్చినా నన్నే అడుగుతున్నరు. మొన్న మెస్‌లో ఒక చెల్లె అడిగింది: "అక్కా, ఆర్టీసోళ్ళు సమ్మె చేసినప్పుడు జనం వాళ్ళను తిట్టిన్రా, మెచ్చుకున్నరా?" ఒక్క మాటలో చెప్పలేని ప్రశ్న అది. అందుకే ఈ పోస్టు. కొంచెం పొడుగు ఉంటది, ఓపికగా చదవండి.

2019 అక్టోబర్ 5న తెలంగాణ ఆర్టీసీ సమ్మె మొదలైంది. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్‌లు అందరూ కలిసి దగ్గర దగ్గర 48 వేల మంది డ్యూటీ బంద్ పెట్టారు. మొత్తం 26 డిమాండ్లు. అందులో పెద్దది, ఆర్టీసీని ప్రభుత్వంలో కలపాలని. పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో కలపాలని అప్పటికే నిర్ణయం అయింది, మరి మాకెందుకు కాదు అన్నది వీళ్ళ వాదన. ఇంకో మూడు రోజుల్లో దసరా. సాయంత్రం 6 గంటల లోపు డ్యూటీలో చేరనివాళ్ళు తమంతట తామే ఉద్యోగం వదులుకున్నట్టే అని ప్రభుత్వం చెప్పేసింది. 'సెల్ఫ్ డిస్మిస్' అనే మాట మా ఊళ్ళో ముసలోళ్ళకు కూడా అప్పుడే నోట్లోకి వచ్చింది.

ఇక్కడ ఎనిమిదేళ్ళు వెనక్కి పోవాలి. 2011లో సకల జనుల సమ్మె జరిగింది. సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ 24 దాకా, 42 రోజులు. ఆర్టీసీ కార్మికులు సెప్టెంబర్ 19న అందులో దిగారు, దాదాపు నాలుగు వారాలు బస్సులు ఆగిపోయినయ్. అప్పుడూ దసరానే. అప్పుడూ జనం మూటలు నెత్తిన పెట్టుకొని నడిచారు. కానీ డ్రైవర్ కనబడితే దండలు వేశారు. అప్పుడు సమ్మెను ముందుండి నడిపిన నాయకులే 2019లో ప్రభుత్వంలో ఉన్నారు. కార్మికుడు అదే, బస్సు అదే, పండుగ అదే. పేరు మాత్రం మారింది. 2011లో 'ఉద్యమం', 2019లో 'క్రమశిక్షణ లేకపోవడం'.

నాయకులు మాట మార్చడం కొత్త కాదు, దాన్ని వదిలేద్దాం. మామూలు ప్రయాణికుడు ఎందుకు మారాడు? నాకు తోచింది చెప్తా. 2011లో అన్నీ ఆగినయ్. బడి లేదు, ఆఫీసు లేదు, సింగరేణి బొగ్గు కూడా ఆగింది. బస్సు లేకపోతే పోవాల్సిన చోటు కూడా లేదు. 2019లో ఆగింది బస్సు ఒక్కటే. దవాఖానా నడుస్తోంది, కోర్టు వాయిదా ఉంది, ఉట్నూర్ ఐటీడీఏలో సోమవారం దర్బార్ ఉంది, పని చెప్పిన సారు "ఎందుకు రాలే" అని అడుగుతున్నడు. అట్లాంటప్పుడు కోపం ఎవరి మీదనో ఒకరి మీద పడాలి. హైదరాబాద్‌లో ఉన్న మంత్రి కనబడడు. డిపో ముందు టెంట్ కింద కూసున్న కండక్టర్ కనబడతాడు.

మన దగ్గర ఇంకో లెక్క కూడా ఉంది. నిజాం ప్రభుత్వం 1932లో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఇప్పటి ఆర్టీసీకి మూలం అదే. మన తాతల కాలంలో రైలు, రోడ్డు వెంట అడవిలోకి ముందు వచ్చింది మాత్రం మన మంచి కాదు, భూములు చూసుకునే బయటివాళ్ళు. హైమెన్‌డార్ఫ్ రాసిన పుస్తకాల్లో ఇది వివరంగా ఉంది. మనం బస్సెక్కి బడికి పోయింది చాలా తర్వాత. అది కూడా అన్ని ఊళ్ళ నుంచి కాదు. ఇప్పటికీ బస్సు మొహం చూడని గూడేలు ఉన్నయ్. వాళ్ళకు సమ్మె జరిగిందని కూడా అంగడికి పోయినప్పుడే తెలిసింది. వాళ్ళను అడిగితే ఆర్టీసీ మీద తిట్టూ లేదు, మెప్పూ లేదు.

నైట్ హాల్ట్ బస్సు ఉన్న ఊళ్ళు వేరు. డ్రైవర్, కండక్టర్ రాత్రి ఊళ్ళోనే పడుకుంటారు. ఎవరో ఒకరు జొన్నరొట్టె, కూర ఇస్తారు. మాది అట్లాంటి ఊరే. మా బాపుని కండక్టర్ "పటేలా" అంటాడు, బాపు ఆయన్ని "సారూ" అంటాడు. జీతం సరిగ్గా రాదని, సెలవు దొరకదని ఆయన మా వాకిట్ల కూసొని చెప్పుకున్న సంగతులు నేను చిన్నప్పుడే విన్న. అందుకే మా ఊళ్ళో సమ్మెను తిట్టినోళ్ళు తక్కువ. పట్నం రోడ్డు మీదున్న ఊళ్ళల్లో, పొద్దున బస్సు ఎక్కి పొద్దుమూకి దిగేటోళ్ళు మస్తు తిట్టిన్రు. అది కూడా తప్పని నేను అనను, వాళ్ళకు రోజు కూలి పోయింది.

అప్పుడు నేను ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి. సమ్మె వల్ల దసరా సెలవులు 19 దాకా పొడిగించారు, 21న బడి తెరిచారు. మొదట సంబరపడ్డం. తర్వాత పోయేది ఎట్లా? తుఫాన్ బండిలో లోపల పదిహేను మంది, పైన ఇంకో పది, డబ్బులు డబుల్. పాస్ చూపిస్తే నవ్విండు. మగపిల్లల్ని పైన ఎక్కించి పంపిన్రు, ఆడపిల్లల్ని "బస్సులు వచ్చినంక పోదువు" అని ఇంట్లనే ఉంచిన్రు. ఆలోపు దీపావళి, దండారి వచ్చింది, ఇంకిన్ని రోజులు పోయినయ్. మా క్లాసులో ఇద్దరు నవంబర్‌లో వచ్చిన్రు. ఒకామె రానే లేదు, ఆ ఎండాకాలం పెండ్లయింది. బస్సు ఒక్కటే కారణమని చెప్పను. కానీ 'సమ్మె వల్ల ప్రయాణికులకు ఇబ్బంది' అని పేపర్లో ఒక్క లైన్ రాస్తే, దాని లోపల ఇట్లాంటివి ఉంటయ్.

ఇంకో మాట ఎవరూ రాయరు. సమ్మె టైంలో ప్రభుత్వం తాత్కాలిక డ్రైవర్లను రోజుకు 1,500 రూపాయలకు, కండక్టర్లను 1,000 రూపాయలకు తీసుకుంది. ఆ పనికి పోయింది ఎవరు? మన పిల్లగాండ్లు కూడా పోయిన్రు. మా చిన్నాయన కొడుకుకు హెవీ లైసెన్స్ ఉంది, పని లేదు. డిపో గేటు దగ్గర సమ్మెలో ఉన్న ఒక డ్రైవర్ చెయ్యి పట్టుకొని "తమ్మీ, నా సీట్ల కూసుంటున్నవ్, మా ఇంట్ల పొయ్యి వెలుగుతలేదు" అన్నడట. అన్న ఆ రోజు బండి తీయలేదు, తెల్లారి తీసిండు. పన్నెండు రోజులు నడిపిండు. పెద్ద ఉద్యోగస్తుడి మీద పేదోడిని నిలబెట్టినట్టు బయటికి కనబడింది, నిజానికి ఇద్దరి ఇండ్లల్లో ఒకటే కరువు. సమ్మె అయిపోయినంక అన్నను ఎవరూ పిలవలేదు.

జనం మనసు మారింది చావులతో. అక్టోబర్ 12న ఖమ్మంలో ఒక డ్రైవర్ ఒంటికి నిప్పంటించుకొని మరుసటి రోజు చనిపోయాడు. ఆ తర్వాత ఇంకా కొందరు పోయారు. అంతకుముందు తిట్టినోళ్ళు "పాపం" అనడం మొదలైంది. 19న రాష్ట్రమంతా బంద్ జరిగింది. నవంబర్ 2న 5,100 రూట్లను ప్రైవేటుకు ఇస్తామని కేబినెట్ నిర్ణయించింది. పట్నంలో కొందరికి అది మంచిగనే అనిపించి ఉంటది. ఏజెన్సీలో ప్రైవేటు బండి ఎట్ల నడుస్తదో మనకు తెలుసు: నిండితేనే కదులుతది, వానాకాలం రోడ్డు పాడైతే రానే రాదు.

నవంబర్ 25న, 52వ రోజు, జేఏసీ సమ్మె విరమించింది. తెల్లారి డిపోలకు పోతే లోపలికి రానివ్వలేదు, పోలీసులు అరెస్టు చేశారు. 28న కేబినెట్ తర్వాత ముఖ్యమంత్రి చేరమన్నారు, 29న డ్యూటీ ఎక్కారు. ఉద్యోగాలు దక్కినయ్, విలీనం దక్కలేదు. డిసెంబర్ 3 నుంచి టికెట్ కిలోమీటరుకు 20 పైసలు పెరిగింది. నైట్ హాల్ట్ బస్సు మళ్ళీ వచ్చిన రోజు మా బాపు కండక్టర్‌కు చాయ్ ఇచ్చి, నవ్వుకుంటనే "సారూ, సమ్మె మీది, బిల్లు మాది" అన్నడు. ఆయన ఏమీ అనలేదు, చాయ్ తాగిండు.

2019లో కుదరదన్న విలీనాన్నే అదే ప్రభుత్వం 2023 జూలై 31న ఒప్పుకుంది, ఎన్నికలకు నాలుగు నెలల ముందు. బిల్లుకు గవర్నర్ అనుమతి ఆలస్యమైందని ఆగస్టు 5న కార్మికులు పొద్దున 6 నుంచి 8 దాకా బస్సులు ఆపారు. ఈసారి రెండు గంటలే, ప్రభుత్వం కోపం చేయలేదు. 6న అసెంబ్లీలో బిల్లు పాసయింది. ఆ డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకు మహాలక్ష్మి ఉచిత ప్రయాణం వచ్చింది.

ఇది మా ఉట్నూర్ వైపు కథ. భద్రాచలం, ఏటూరునాగారం, మన్ననూర్ వైపు అన్నలు, అక్కలు ఉంటే ఆ 52 రోజులు మీ ఊరికి ఎట్లా గడిచాయో కింద రాయండి. ఎవరైనా తాత్కాలిక డ్యూటీకి పోయినోళ్ళు ఉంటే వాళ్ళు కూడా రాయాలి, పేరు వద్దనుకుంటే నాకు మెసేజ్ పెట్టండి.